ఎడ్యుకేషన్ పీహెచ్‌డీకి వేరే డిపార్ట్‌మెంట్ కో-గైడ్: అవసరమా, లేనిపోని తలనొప్పా?

గుణుపురం మాస్టారు:

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లా గుణుపురం దగ్గర ఒక ఒడియా మీడియం స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఎడ్యుకేషన్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) పెట్టాను. ఇంట్లో తెలుగో సవరో మాట్లాడే పిల్లలు ఒడియాలో రెండంకెల సంఖ్యలు నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారు, ఎందుకు, టీచరు ఏం చేయొచ్చు అన్నది విషయం.

ఉదాహరణ చెబితేగానీ తెలియదు. రెండో తరగతిలో సంఖ్యలు డిక్టేట్ చేస్తూ "అణతిరిశ" అన్నాను, అంటే 29. ముప్పైని "తిరిశ" అంటారు. ముప్పైకి ఒకటి తక్కువ అన్నట్టుగా ఉంటుంది 29 పేరు. ఒడియా ఇళ్ళ పిల్లలు చకచకా వేసేశారు. తెలుగింటి పాప ఒకతె ముందు 3 వేసింది, ఆగింది, పక్కపిల్ల నోట్‌బుక్‌లోకి తొంగిచూసింది, రబ్బరుతో చెరిపేసింది. దగ్గరికెళ్ళి "ఇరవై తొమ్మిది" అన్నానో లేదో టక్కున వేసింది. సవర పిల్లల సంగతి వేరు. వాళ్ళ భాషలో లెక్క పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది. 13 అంటే పన్నెండూ ఒకటి. 93 అంటే నాలుగిరవైలూ పన్నెండూ ఒకటి. ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి నేను బోర్డు మీద పదుల స్థానం, ఒకట్ల స్థానం గీసి చూపిస్తున్నాను.

కమిటీ అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఎడ్యుకేషనా, లింగ్విస్టిక్సా, మేథ్సా?" భాషాశాస్త్రం నుంచి ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకుంటానంటే ఎక్కువమంది పెదవి విరిచారు. "ఉపాధ్యాయుల వైఖరి మీద చేసుకో, తొందరగా అయిపోతుంది" అని సలహా కూడా దొరికింది. నేనడిగేది ఒక్కటే. ఎడ్యుకేషన్ ఫ్యాకల్టీలో జరిగే పరిశోధన పక్క శాఖల్ని కలుపుకోవాలా, తన గిరిలో తాను ఉండాలా?

బరంపురం రిటైర్డ్ ప్రొఫెసర్:

మాస్టారూ, ఇలాంటివి చూసే కన్ను మీకుంది కాబట్టే చెబుతున్నాను. కో-గైడ్ జోలికి వెళ్ళకండి.

పెదవి విరిచిన వాళ్ళంతా బద్ధకస్తులని అనుకోవద్దు. సర్వీసులో చాలా థీసిస్‌లు చూశాను. రెండు శాఖల మధ్య పడ్డ స్కాలర్ వైవాకి వస్తే భాషాశాస్త్రం ఎగ్జామినర్ "ధ్వనుల విశ్లేషణ ఏదీ?" అంటారు. ఎడ్యుకేషన్ ఎగ్జామినర్ "దీనివల్ల క్లాసుకి ఒరిగేదేమిటి?" అంటారు. ఇద్దరినీ మెప్పించబోతే ఒకే అట్ట కింద రెండు సగం పుస్తకాలు తయారవుతాయి. రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ఇంకోటి. 1964-66 కొఠారీ కమిషన్ విద్యాశాస్త్రాన్ని స్వతంత్ర శాస్త్రంగా గుర్తించాలంది. ఆ గుర్తింపు కోసం మా తరం ఎన్ని మాటలు పడిందో మీకు తెలియదు. "బీఎడ్ వాళ్ళకి రీసెర్చ్ ఏమిటండీ" అని స్టాఫ్ రూమ్‌లో మొహం మీదే అనేవారు. ఇప్పుడు మనంతట మనమే వెళ్ళి పక్క శాఖ గుమ్మం దగ్గర నిలబడితే, ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టే.

జయపురం ఎకనామిక్స్ అమ్మాయి:

గురువుగారూ, కొఠారీ నివేదికలో ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో కూడా చెప్పాలి కదండీ. ఉపాధ్యాయ శిక్షణ ఇటు యూనివర్సిటీకీ అటు బడుల రోజువారీ సమస్యలకీ దూరంగా ఒంటరిగా మిగిలిపోయిందన్నారు. ఆ ఒంటరితనం పోవడానికే స్వతంత్ర శాస్త్రంగా గుర్తించమన్నారు. మీరు దాన్ని ప్రహరీ గోడకి పునాదిగా వాడుతున్నారు. అన్నట్టు, చైర్మన్ దౌలత్ సింగ్ కొఠారీ భౌతికశాస్త్రవేత్త.

పిల్లల లెక్కల గురించి మనకి తెలిసిన గట్టి విషయాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫీలో ముగ్గురు మనస్తత్వశాస్త్రజ్ఞులు వీధిలో సరుకులమ్మే పిల్లల్ని పరిశీలించారు. అయిదుగురంటే అయిదుగురే పిల్లలు. బేరం ఆడుతూ అడిగిన లెక్కలు 98 శాతం సరిగ్గా చెప్పారు. ఆ లెక్కల్నే సందర్భం తీసేసి అంకెలుగా ఇస్తే 37 శాతం. నలభై ఏళ్ళ తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలతో చేసిన పని నేచర్ పత్రికలో వచ్చింది. బజారు లెక్క వచ్చిన పిల్లలకి బడి లెక్క రావడం లేదు, బడి లెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడుతున్నారు. అందులో అర్థశాస్త్రం వాళ్ళతో పాటు పిల్లల మనస్తత్వం చదివిన ఎలిజబెత్ స్పెల్కీ కూడా ఉన్నారు. ఏ ఒక్క శాఖా ఒంటరిగా చేయలేదు.

ఇక మన యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలో ఎడ్యుకేషన్ థీసిస్‌లు తిరగేయండి. ఫలానా జిల్లా సెకండరీ ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి. ఆడ-మగ, పల్లె-పట్నం, ప్రభుత్వ-ప్రైవేటు తేడాలు. ప్రశ్నావళి, టీ-టెస్ట్, శూన్య పరికల్పన తిరస్కరణ. జిల్లా పేరు మారుతుంది, అంతే. మాస్టారికి దొరికిన సలహా ఆ అచ్చులోదే.

సిరొంచ అన్న:

గడ్‌చిరోలి నుంచి రాస్తున్న. మా దగ్గర ఇంట్లో తెలుగు, గోండి, బడిలో మరాఠీ. 29ని "ఏకోణతీస్" అంటరు, 39ని "ఏకోణచాళీస్". సేమ్ గడబిడ.

2019లో మహారాష్ట్రలో దీని మీద పెద్ద లొల్లి అయింది, యాదికుందా? బాలభారతి (అక్కడి సర్కారు పాఠ్యపుస్తకాల సంస్థ) రెండో తరగతి లెక్కల పుస్తకంలో 21ని "ఏకవీస్" అనడంతో పాటు "వీస్ ఏక్" అని కూడా చదవొచ్చన్నరు. మన ఇరవై ఒకటి లెక్కనే. పుస్తకం కమిటీకి అధ్యక్షురాలు గణితవేత్త మంగళా నార్లీకర్. పిల్లలకి తేలిక అని ఆమె అన్నది, మరాఠీని ఖరాబు చేస్తున్నరని భాషాభిమానులు అన్నరు, శాసనసభ దాకా పోయింది. గణితం మాట్లాడింది, భాష మాట్లాడింది, రాజకీయం మాట్లాడింది. మా ఊరి బడిలో పిల్లగాడు ఏది విని ఏది రాస్తున్నడో మాత్రం నన్ను ఎవరూ అడగలే, మా హెడ్మాస్టర్నీ అడగలే.

బరంపురం రిటైర్డ్ ప్రొఫెసర్:

అమ్మాయీ, వైఖరి థీసిస్‌ల మీద నువ్వన్నది కాదనను. అవి పెరగడానికి కారణం శాఖ సంకుచితం కావడం ఒక్కటే కాదు. బీఎడ్ క్లాసులు, ప్రాక్టీస్ టీచింగ్ పర్యవేక్షణ, పరీక్షల డ్యూటీ అన్నీ అయ్యాక గైడ్‌కి మిగిలే సమయంలో అవే అవుతాయి. జేఎన్‌యూలో జాకీర్ హుస్సేన్ కేంద్రం ఉంది. చరిత్ర, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వాళ్ళు ఒకే కప్పు కింద విద్య మీద పనిచేస్తారు. అందరూ ఆ పేరే చెబుతారు. వాళ్ళకి మనలా బీఎడ్ బాధ్యత లేదన్న మాట మాత్రం ఎవరూ చెప్పరు.

మీ అర్థశాస్త్రం వాళ్ళ గురించీ ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చే ప్రయోగం చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల వ్యాసం 2011లో వచ్చింది. మార్కులు పెరిగాయి, సరే. టీచరు ఏం మార్చాడు?

జయపురం ఎకనామిక్స్ అమ్మాయి:

అది కూడా అడిగారు సార్. అదనపు క్లాసులు పెట్టామని, హోంవర్క్, ప్రాక్టీస్ పరీక్షలు పెంచామని, వెనకబడిన పిల్లల్ని చూసుకున్నామని టీచర్లు చెప్పారు.

బరంపురం రిటైర్డ్ ప్రొఫెసర్:

చెప్పారు. పరిశీలకులు క్లాసులకి వెళ్ళి చూసినప్పుడు మాత్రం బోనస్ ఉన్న బడికీ లేని బడికీ బోధనలో తేడా కనబడలేదని అదే వ్యాసంలో ఉంది. ఆ ఖాళీ ఎవరు పూడుస్తారు? క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నెలల తరబడి చూడగలిగేది మా శాఖే. మేము చేయాల్సిన పని అది. చేయడం లేదంటావా, అది వేరే గొడవ.

పర్లాకిమిడి పాతకాపు:

ఇంత దూరం బ్రెజిల్ దాకా పోవాలా బాబూ? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పిన మాస్టారు. సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే బడి పెట్టించారు, పాఠాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. మధ్యలో శాసనాలు కూడా చదివారు. ఏ శాఖలో పడేస్తారు ఆయన్ని?

సిరొంచ అన్న:

ఇప్పుడైతే ఇంటర్వ్యూ బోర్డులో "రిలవెంట్ సబ్జెక్ట్ కాదు" అని పంపిస్తరు.

ఎంఏ లింగ్విస్టిక్స్, ఎంఎడ్:

సిరొంచ అన్న నవ్వులాటకి అన్నా, నాకు జరిగింది అదే. బైలింగ్వల్ పిల్లల చదువు మీద ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేశాను. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా ఎడ్యుకేషన్‌లోనే, సబ్జెక్టు కోడ్ 09. ఒక కాలేజీ ఇంటర్వ్యూలో థీసిస్ టైటిల్ చూసి "మీరు భాషాశాస్త్రం పోస్టుకి పెట్టుకోవాల్సింది" అన్నారు. ఆ పోస్టుకి వెళ్తే నెట్ కోడ్ చూసి పక్కన పెట్టారు. ఆ టెన్షన్ పడినవాళ్ళకే తెలుస్తుంది. మాస్టారూ, మీకు సర్కారు ఉద్యోగం ఉంది కాబట్టి ధైర్యంగా చేయండి. ఉద్యోగం లేని పిల్లలకి మాత్రం ఇక్కడున్న పెద్దలెవరూ దయచేసి ఈ సలహా ఇవ్వకండి.

రూల్ సంగతి: కో-గైడ్‌ని పెట్టుకోవచ్చు. యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల్లోనే ఉంది, 2022 నిబంధనల్లోనూ ఉంది. శాఖలు కలిసే అంశమైతే బయటి శాఖ నుంచి, బయటి యూనివర్సిటీ నుంచి కూడా తీసుకోవచ్చు. 2022లో ఇంకో వింత కూడా పెట్టారు. ఏ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసినా తన సబ్జెక్టు ఎలా బోధించాలో శిక్షణ తీసుకోవాలట. అంటే ఫిజిక్స్ స్కాలర్ ఎడ్యుకేషన్ వైపు రావాల్సిందే. మనం అటు వెళ్తే మాత్రం తప్పా?

జయపురం ఎకనామిక్స్ అమ్మాయి:

అక్కా, ఉద్యోగాల మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. అది నోటిఫికేషన్ రాసేవాళ్ళు మార్చాల్సింది. కానీ ఆ భయంతో ప్రశ్ననే మార్చుకుంటే ఎలా? మన ఒడిశాలోనే అజిత్ మొహంతి గారు కంధమాల్‌లో కంధ గిరిజన పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. తమ భాష కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు, ఒడియా ఒక్కటే మిగిలిన కంధ పిల్లల కంటే భాష గురించి ఆలోచించే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపించారు. ఆయన మనస్తత్వశాస్త్రం మనిషి, తర్వాత గురువుగారు చెప్పిన ఆ జాకీర్ హుస్సేన్ కేంద్రంలోనే పనిచేశారు. ఒడిశాలో 2006-07 నుంచి గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైనప్పుడు ఇలాంటి పనే ఆధారంగా నిలిచింది. వృత్తి సంతృప్తి సర్వేలు నిలబెట్టలేదు.

గుణుపురం మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. కో-గైడ్‌ని అడగాలనే నిశ్చయించుకున్నాను. గురువుగారి మాట వల్ల ఒకటి మార్చాను. సినాప్సిస్‌లో మొదటి అధ్యాయం సంఖ్యల పేర్ల నిర్మాణం అని పెట్టాను, దాన్ని వెనక్కి జరిపాను. ముందు క్లాసు పరిశీలన, పిల్లలు రాసి చెరిపేసిన నోట్‌బుక్కులు వస్తాయి. ముఖ్య గైడ్ ఎడ్యుకేషన్ వారే. భాషాశాస్త్రం మేడమ్ గారు సంఖ్యల పట్టికలు మాత్రం చూస్తారు. అప్పుడైనా రెండు సగం పుస్తకాలు కాకుండా ఉంటుందేమో.

బరంపురం రిటైర్డ్ ప్రొఫెసర్:

అలాగైతే కొంత నయం. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, అది రాసుకోండి. ఒక్కటి అడుగుతాను. మీకు సవర వచ్చా?

గుణుపురం మాస్టారు:

రాదు సార్. నాలుగు మాటలు వచ్చు. మా బడిలో సవర మాట్లాడే భాషా టీచరు ఒకాయన ఉన్నారు. పిల్లలతో ఆయనే మాట్లాడతారు, నేను పక్కన ఉండి రాసుకుంటాను.

బరంపురం రిటైర్డ్ ప్రొఫెసర్:

మరి మీరు కో-గైడ్ కోసం కమిటీతో ఇంత పోట్లాడుతున్నారు, ఆయన పేరు థీసిస్‌లో ఎక్కడ వస్తుంది? కృతజ్ఞతల పేజీలోనా?

గుణుపురం మాస్టారు:

ఇంకా ఆలోచించలేదు సార్. సోమవారం కమిటీ ఉంది. అంతకుముందే ఆయన్ని కూర్చోబెట్టుకుని అడుగుతాను.