పగలు బాగా పలికే విశాఖ రేడియో రాత్రయితే ఎందుకు మునిగిపోతోంది?

గుణుపురం టైలర్:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం, వంశధార ఒడ్డున. బజారులో నాన్న పెట్టిన టైలర్ షాపు ఇప్పుడు నేను నడుపుతున్నాను. కుట్టు మిషను పక్కన మేకుకి వేలాడే రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ కూడా ఆయనదే. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ పిల్లల చదువు ఒడియాలో. రోజంతా చెవిన పడే తెలుగు నాకు ఈ రేడియోలోనే దొరుకుతుంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద చక్కగా వస్తుంది. కొంచెం గరగర ఉన్నా మాట స్పష్టం. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం గొంతు ఒకసారి షాపంతా వినపడేలా లేస్తుంది, అర నిమిషంలో మునిగిపోతుంది. మునిగే ముందు మాట వంకరపోతుంది, బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు. సరిగ్గా అదే సమయానికి, పగలంతా జాడ లేని హైదరాబాద్ 738 మీద వచ్చి కూర్చుంటుంది.

రిపేరుకి ఇచ్చాను. కండెన్సర్లు మార్చి 350 రూపాయలు తీసుకున్నారు, మళ్లీ అంతే. పక్క కిరాణా కొట్టాయన సెట్టు తెచ్చి చూశాను, అందులోనూ ఇదే వరస. మ్యాపు మీద గీత గీస్తే విశాఖ మాకు సుమారు 165 కిలోమీటర్లు, హైదరాబాద్ దాదాపు 600. దగ్గరిది చెడి దూరానిది రావడం ఏమిటి? పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదకొండు దాకా జాకెట్లు కుడతాను, అందుకే అడుగుతున్నాను. యాప్ పెట్టుకోమని దయచేసి చెప్పొద్దు. కొలతలు చెప్పే ఫోన్లు వస్తూనే ఉంటాయి, మోగిన ప్రతిసారీ పాట ఆగిపోతుంది. పైగా నాకు ఈ సెట్లోనే వినాలని ఉంది.

బరంపురం మీడియం వేవ్:

టైలర్ గారూ, మీ సెట్టుకి ఏ జబ్బూ లేదు. ఇక ఎవరినీ విప్పనివ్వకండి. నేను ట్రాన్స్‌మిటర్ డ్యూటీ చేసి రిటైరయ్యాను. శ్రోతల ఉత్తరాల్లో ఈ బాధ చాలాసార్లు చదివాను, జవాబు రాయాలని ఉన్నా అప్పట్లో తీరిక దొరికేది కాదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను.

మీరు వినే 927, 738 రెండూ మీడియం వేవ్ స్టేషన్లే. మీడియం వేవ్ టవరు నుంచి తరంగం రెండు దారుల్లో బయలుదేరుతుంది. ఒకటి నేలను అంటుకుని పోతుంది. పగలు మీరు వినే విశాఖ ఇదే. కొండలు, పొడినేల దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తాయి. రెండోది ఆకాశంలోకి పోతుంది. పగటి ఎండకి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర అని ఒకటి తయారవుతుంది, అది ఈ ఆకాశ తరంగాన్ని పీల్చేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి వెళ్లి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరకో, దానికీ పైన ఉన్న పొరకో తగిలి కిందకి వంగుతుంది. 1924 నుంచి ఆపిల్టన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులో కొలిచి చూపించింది ఈ పొరలనే. ఆ పనికే 1947లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మీ చిక్కు ఇక్కడుంది. 165 కిలోమీటర్ల దూరంలో రాత్రిపూట విశాఖ మీకు నేల మీంచీ వస్తుంది, ఆకాశం మీంచీ వస్తుంది. రెండూ ఇంచుమించు సమాన బలంతో వస్తే, కలిసొచ్చినప్పుడు గొంతు లేస్తుంది, ఒకదానికొకటి ఎదురైనప్పుడు మునుగుతుంది. 927 తరంగం పొడవు సుమారు 323 మీటర్లు. పైనున్న పొర ఓ వంద మీటర్లు అటూ ఇటూ కదిలితే చాలు, ఆకాశపు దారి పొడవు సుమారు సగం తరంగం మేర మారిపోతుంది. కలిసొచ్చేది కాస్తా ఎదురవుతుంది. ఆ పొర రాత్రంతా నిలకడగా ఉండదు. మాట వంకరపోవడానికి కారణం, ప్రసారంలోని అన్ని భాగాలూ ఒకేసారి మునగకపోవడం.

హైదరాబాద్ సంగతి వేరు. అంత దూరానికి దాని నేల తరంగం మిమ్మల్ని చేరదు. రాత్రి ఆకాశపుది ఒక్కటే వస్తుంది, పోట్లాడేందుకు రెండోది లేదు. కొంచెం ఊగుతుంది గానీ ఇంతగా కాదు. ఇంకొకటి గమనించండి. మీ ఊళ్లో పొద్దు హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాలు ముందే గూకుతుంది. తరంగం నడిచే దారంతా చీకటి పడ్డాకే అది బలంగా నిలుస్తుంది.

సిరొంచ గోదారి:

ఇది చదివి లేచి కూర్చున్నాను. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత దాటి అటు చూస్తే కాళేశ్వరం. మాకు హైదరాబాద్ సుమారు 220 కిలోమీటర్లు. పగలు 738 బాగుంటుంది, రాత్రి టైలరన్న చెప్పినట్టే ఊగుతుంది, మునుగుతుంది. విశాఖ మాత్రం మాకు 365 కిలోమీటర్ల దూరం, చలికాలం రాత్రి 927 మీద నిలకడగా వింటాను! అంటే అన్నా, మీకు చెడే స్టేషన్ మాకు బాగుంది, మాకు చెడేది మీకు బాగుంది. నా నోటుబుక్కులో 2016 నుంచి ఇవి రాసుకున్నాను గానీ కారణం ఇవాళే తెలిసింది.

కొత్తగా స్టేషన్లు వెతికేవాళ్లకి ఒక చిట్కా. మన దగ్గర మీడియం వేవ్ నంబర్లన్నీ తొమ్మిదితో భాగించబడతాయి: 738, 837, 927, 972, 1467. డిజిటల్ సెట్టులో ఒక్కో నొక్కుకి నంబరు కదిలే అడుగుని 9కి పెట్టుకోకపోతే సగం స్టేషన్లు పక్కకి జారిపోతాయి.

పర్లాకిమిడి ల్యాబ్:

టైలర్ గారూ, మా పర్లాకిమిడిలోనూ విశాఖది ఇదే కథ. మీరు చేయగలిగినవి రెండున్నాయి. షాపులో ఎల్ఈడీ ట్యూబులు, మొబైల్ చార్జర్లు అన్నీ ఆపి, సెల్స్ మీద పెట్టి వినండి. గరగరలో చాలా భాగం వాటిదే. రెండోది, సెట్టు లోపల అడ్డంగా నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, మీడియం వేవ్‌కి ఏరియల్ అదే. దాని కొన స్టేషన్ వైపు ఉంటే శబ్దం పడిపోతుంది, పక్క భాగం స్టేషన్ వైపు తిరిగితే పెరుగుతుంది. మేకుకి వేలాడదీస్తే తిప్పడానికి వీలుండదు. ఇంకా ఓపిక ఉంటే రెండడుగుల చెక్క చట్రానికి పది పన్నెండు చుట్లు తీగ చుట్టి, గ్యాంగ్ కండెన్సర్ (రేడియోలో స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) కట్టి సెట్టు పక్కన పెట్టండి. తీగ కలపక్కర్లేదు. విశాఖ కూడా కుదుటపడుతుంది.

బరంపురం మీడియం వేవ్:

అమ్మా, చట్రం మంచి సలహా, దూరపు స్టేషన్లకి బలం ఇస్తుంది. విశాఖ మునక మాత్రం దానితో పోదు. రెండు తరంగాలూ ఒకే దిక్కు నుంచి వస్తున్నాయి, చట్రం రెండింటినీ కలిపే పెంచుతుంది. టైలర్ గారూ, రాత్రి విశాఖ కోసం కుస్తీ పట్టకండి. విజయవాడ 837 వెతకండి. మీకు 440 కిలోమీటర్లు, రాత్రికి సరైన దూరం.

గుణుపురం టైలర్:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రాత్రులు చూసి రాస్తున్నాను. ఎల్ఈడీ ఆపితే గరగర సగానికి సగం పోయింది. మిషను మోటారు నడిచినప్పుడు వచ్చే జుయ్యిమనే మోత మాత్రం అలాగే ఉంది, అందుకని సెట్టుని మేకు మీంచి తీసి కిటికీ గట్టు మీదకి మార్చాను. ఆరడుగుల దూరానికే చాలా తేడా వచ్చింది. 837 మీద విజయవాడ మొదటి రాత్రే ఏడున్నర దాటాక పట్టింది. ప్రసారం ముగిసేదాకా ఒక్కసారి కూడా మాట వంకరపోలేదు. డయలు అద్దం మీద టైలర్ చాక్‌తో రెండు గీతలు పెట్టుకున్నాను: పగటికి విశాఖ, రాత్రికి విజయవాడ.

సిరొంచ తమ్ముడూ, తెల్లారేటప్పుడు నీకు విశాఖ ఎన్నింటికి సన్నబడుతుందో నోటుబుక్కు చూసి చెప్పు. నేను ఆదివారం తెల్లవారుజామునే షాపు తీసి, పొద్దు పొడిచాక హైదరాబాద్ ఎంతసేపు నిలుస్తుందో చూస్తాను.