సంగీత పురస్కారాల్లో స్త్రీలు: లోటు తీర్పులో ఉందా, తీర్పు దాకా వచ్చే దారిలో ఉందా?

రాగమాలిక (చర్చ ప్రారంభించినవారు)

దక్షిణాది సంగీత పురస్కారాల్లో స్త్రీలకు తగిన చోటు దక్కుతోందా అన్న ప్రశ్న చెన్నైలో డిసెంబరు కచేరీల కాలం దగ్గరపడగానే లేస్తుంది, సంక్రాంతి దాటగానే చల్లారుతుంది. ఈసారి కుదురుగా చర్చిద్దాం. నా ప్రతిపాదన ముందే చెబుతాను. సంగీత సభలు (కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలు) గానీ ప్రభుత్వాలు గానీ ఇచ్చే ప్రధాన పురస్కారాలకు న్యాయనిర్ణేతల పరిశీలనకు వెళ్లే పేర్లలో సగం స్త్రీలవై ఉండాలన్న నిబంధన పెట్టాలి. తుది ఎంపికలో వాటా అడగడం లేదు, పరిశీలనలో మాత్రమే అడుగుతున్నాను.

ఎందుకు అడగవలసి వస్తోందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. కర్ణాటక సంగీతంలో పెద్ద గౌరవంగా చెప్పుకునే, ఆ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1942లో మొదలైంది. ఆ బిరుదు అందుకున్న తొలి మహిళ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు, అదీ 1968లో. అప్పటికి ఆమెకు పద్మభూషణ్ వచ్చి పద్నాలుగేళ్లయింది, ఐక్యరాజ్య సమితిలో కచేరీ జరిగి రెండేళ్లయింది. లోకమంతా గుర్తించిన గాయని విషయంలోనే ఇంత జాప్యం జరిగితే, అంత పేరు రాని విదుషీమణుల సంగతి ఊహించుకోవచ్చు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి సొంత సొమ్ముతో మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారికే అక్కడి ఆరాధనలో పాడే అవకాశం మొదట్లో లేకపోయింది, స్త్రీలను కూడగట్టి ఆమె విడిగా ఆరాధన జరిపించుకోవలసి వచ్చింది. మన సంస్థలు స్త్రీలకు తలుపు తమంతట తాము తెరిచిన సందర్భాలు తక్కువ.

సదస్యుడు

రాగమాలిక గారు 1968 దగ్గర ఆగిపోయారు. ఆ తరువాతి జాబితా కూడా చదవాలి. 1970లో డి.కె. పట్టమ్మాళ్, 1973లో నర్తకి బాలసరస్వతి, 1976లో టి. బృంద, 1977లో ఎం.ఎల్. వసంతకుమారి గార్లకు అదే బిరుదు దక్కింది. అంటే పదేళ్లలో అయిదుగురు. ఇటీవలి కాలానికి వస్తే 2013లో సుధా రఘునాథన్, 2016లో ఎ. కన్యాకుమారి, 2018లో అరుణా సాయిరామ్, 2019లో ఎస్. సౌమ్య, 2022లో సోదరుడు కృష్ణన్‌తో కలిసి లాల్గుడి విజయలక్ష్మి, 2023లో బాంబే జయశ్రీ గార్లు అందుకున్నారు. పదకొండేళ్లలో ఆరు సార్లు ఒక మహిళ పేరు వచ్చిన పురస్కారంలో స్త్రీలకు చోటు లేదనడం ఎట్లా?

గతంలో అన్యాయం జరగలేదని నేను అనను. కానీ దానంతట అది సర్దుకుంటున్నదానికి నిబంధన తగిలిస్తే నష్టపోయేది ఆ స్త్రీలే. ఈరోజు జయశ్రీ గారికి బిరుదు వస్తే ఆమె విద్వత్తుకు వచ్చిందని అందరూ ఒప్పుకుంటారు. రేపు సగం వాటా నిబంధన వచ్చాక ఎవరికి ఇచ్చినా, ఈ ఏడాది ఆడవాళ్ల వంతు కాబట్టి ఇచ్చారన్న గుసగుస పక్క కుర్చీలోనే వినిపిస్తుంది.

లయజ్ఞ

సదస్యుడు గారు ఇచ్చిన పేర్లనే ఇంకోసారి చూద్దాం. 2013 నుంచి చెప్పిన ఆరుగురిలో నలుగురు గాయనులు, ఇద్దరు వయొలిన్ విదుషీమణులు. వాద్యకారిణులకు ఆ బిరుదు అసలు రాలేదని కాదు, వేణువులో సిక్కిల్ సోదరీమణులకు 2002లో వచ్చింది. అయితే కన్యాకుమారి గారు ఆ బిరుదు పొందిన తొలి మహిళా వయొలిన్ విద్వాంసురాలు. తొలి గాయనికీ తొలి మహిళా వయొలిన్ విద్వాంసురాలికీ మధ్య 48 సంవత్సరాలు గడిచాయి. మృదంగానికో ఘటానికో ఆ బిరుదు అందుకున్న స్త్రీ ఒక్కరూ లేరు. కాబట్టి స్త్రీలు, పురుషులు అని రెండు కుప్పలు పోసి లెక్కపెడితే అసలు విషయం కనబడదు. గానంలో లోటు చాలావరకు తీరింది. లయవాద్యాల్లో కదలిక కూడా లేదు.

నేను మృదంగం నేర్చుకున్నదాన్ని గనుక ఆ లోటు ఎక్కడ పుడుతుందో చెప్పగలను. మృదంగ విద్వాంసుడి పేరు ప్రతిష్ఠలు అతను ఎవరికి వాయించాడన్నదాన్ని బట్టి ఏర్పడతాయి. పెద్ద గాయకుడి పక్కన, సాయంకాలం ప్రధాన కచేరీలో, మంచి తని ఆవర్తనం (లయవాద్యాలు మాత్రమే విడిగా వాయించే భాగం) వాయిస్తే పది సభల కార్యదర్శులు వింటారు. అట్లా పాతికేళ్లు గడిస్తే సీనియారిటీ, ఆ సీనియారిటీ మీద బిరుదు. ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే స్త్రీని ఆపేస్తారు. పక్కవాద్యం ఎవరన్నది ప్రధాన కళాకారుడో, సభ కార్యదర్శో, ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునో నిర్ణయిస్తారు. అక్కడ న్యాయనిర్ణేతలు ఉండరు, జాబితా ఉండదు, ఎందుకు పిలవలేదని అడిగేవాళ్లూ ఉండరు. ఉపపక్కవాద్యం, అంటే మృదంగానికి తోడుగా ఘటం వంటిది, వాయించే స్త్రీ పరిస్థితి మరీ అన్యాయం. ఘటం ఆమె వాయిస్తుందంటే మృదంగం వాయించేవారికి అభ్యంతరం ఉండకూడదు, ఆ అభ్యంతరాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్రామ్ గారి శిష్యురాలు సుకన్యా రామ్‌గోపాల్ గారు ఇటువంటి తిరస్కారాలు ఎన్నో చూశారు, చివరకు స్త్రీలతోనే ఒక లయవాద్య బృందాన్ని ఏర్పాటు చేసుకున్నారు. నాగరత్నమ్మ గారు చేసినదీ అదే కదా.

సదస్యుడు

లయజ్ఞ గారు చెప్పిన వరుసను నేను కాదనను. కానీ రెండు మాటలు. మొదటిది, లయవాద్యాలకు గుర్తింపు ఆలస్యం కావడం స్త్రీలకే జరగలేదు. మృదంగానికి తొలి సంగీత కళానిధి పాల్ఘాట్ మణి అయ్యర్ గారు, అదీ 1966లో. అంటే మొదటి గాయనికి రెండేళ్ల ముందు మాత్రమే. పక్కవాద్యాన్ని పక్కన పెట్టడం ఈ సంప్రదాయానికి ఉన్న పాత జబ్బు, దానిని స్త్రీ పురుష వివక్షగా మాత్రమే చూస్తే మందు తప్పుతుంది. రెండవది, న్యాయనిర్ణేతలు వేదిక మీద ఉన్నవారిలోంచే ఎంచగలరు. వేదిక మీద స్త్రీలు తక్కువగా ఉన్నప్పుడు జాబితాలో సగం పేర్లు ఎక్కడినుంచి తెస్తారు?

లయజ్ఞ

మణి అయ్యర్ గారి పేరు మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఆయన స్త్రీల కచేరీలకు చాలాకాలం వాయించలేదు, తరువాత పట్టమ్మాళ్ గారికి వాయించారు. ఆయన ఔన్నత్యాన్ని ఇందుమూలంగా ఎవరూ తక్కువ చేయలేరు. అయితే అంతటివారు వాయించని రోజుల్లో స్త్రీల కచేరీ స్థాయిని లోకం ఎట్లా అంచనా వేసి ఉంటుందో ఆలోచించండి. పక్కవాద్యం స్థాయిని బట్టే కచేరీని తూచే అలవాటు మనది. ఆడవారి శ్రుతి హెచ్చుగా ఉంటుందనీ, దానికి వేరే మృదంగం మోసుకురావాలనీ, ఆ శ్రుతిలో నాదం నిండుగా పలకదనీ చెప్పే సాకులు ఇప్పటికీ వినబడతాయి. హెచ్చు శ్రుతి మృదంగం దొరకని వస్తువు కాదు. ఇప్పుడు ఎందరో మృదంగ విద్వాంసులు గాయనులకు హాయిగా వాయిస్తున్నారు, నాదం ఎక్కడా పలుచబడలేదు.

స్త్రీలు లేనే లేరన్న మాట కూడా నిజం కాదు. పుదుక్కోట్టై దక్షిణామూర్తి పిళ్లై గారి దగ్గర నేర్చిన తిరుక్కోకర్ణం రంగనాయకి అమ్మాళ్ గారు గత శతాబ్ది పూర్వార్ధంలోనే మృదంగం వాయించారు. మన విజయవాడ విదుషీమణి దండమూడి సుమతి గారు దశాబ్దాల తరబడి వాయించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నాదస్వరంలో కాలీషాబీ మహబూబ్ గారు ఉన్నారు, భర్త సుభానీ గారితో కలిసి ఆమెకూ పద్మశ్రీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వానికి కనబడినవారు సంగీత సభలకు కనబడకపోతే కొరత ఎక్కడుందో మీరే చెప్పండి.

పాటలపెట్టె

చర్చ కచేరీ వేదిక దగ్గరే తిరుగుతోంది. సినిమా సంగీతం వైపు చూస్తే ఇదే విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నేపథ్య గాయని విభాగం 1968 చిత్రాలతో మొదలై, మొదటి ఏడే పి. సుశీల గారికి దక్కింది. ఎస్. జానకి గారు ‘సితార’లో పాటకు అదే పురస్కారం అందుకున్నారు. చిత్ర గారైతే ఆరు సార్లు అందుకున్నారు. ఇక్కడ స్త్రీలకు లోటు లేదనిపిస్తుంది. ఎందుకు లేదంటే ఆ విభాగం పేరులోనే గాయని అని ఉంది. ప్రతి ఏడూ ఒక స్త్రీకి ఇవ్వక తప్పదు. విభాగం పేరులో స్త్రీ లేని చోట, అంటే సంగీత దర్శకత్వంలో, సాహిత్యంలో, శబ్దగ్రహణంలో పరిస్థితి చూడండి. తెలుగులో సంగీత దర్శకత్వం చేసిన స్త్రీల పేర్లు చెప్పమంటే ‘చక్రపాణి’కి భానుమతి గారు, సావిత్రి గారు దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’కు పి. లీల గారు, 1990ల నుంచి ఎం.ఎం. శ్రీలేఖ గారు అని చెప్పి, ఆ తరువాతి పేరు కోసం అందరం కాస్త వెతుక్కుంటాం. హిందీలోనూ అంతే. 1954లో మొదలైన ఫిల్మ్‌ఫేర్ సంగీత దర్శకత్వ పురస్కారం ఒక స్త్రీకి రావడానికి 2022 దాకా పట్టింది. అదీ ‘షేర్షా’ పాటలకు మరికొందరితో కలిసి జస్లీన్ రాయల్‌కు వచ్చింది.

పాట పాడే స్త్రీని నెత్తిన పెట్టుకుని, పాట కట్టే స్త్రీని ఊహించలేకపోవడం మన లోపం. ముప్ఫై మంది వాద్యకారులకు ఏం వాయించాలో చెప్పే స్థానంలో ఆమె ఉండటం నిర్మాతకు కొత్తగా అనిపిస్తుంది, కొత్తదాని మీద డబ్బు పెట్టడానికి ఆయన జంకుతాడు. సినిమా చేతికి రాకుండా పురస్కారం ఎక్కడినుంచి వస్తుంది?

మధ్యమావతి

పాటలపెట్టె గారి మాట నుంచి ఒక చిక్కు పుడుతోంది. విడి విభాగం స్త్రీకి రక్షణా, లేక గోడా? ఈ విషయంలో బ్రిటన్ అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడి బ్రిట్ పురస్కారాల్లో పురుష కళాకారుడు, మహిళా కళాకారిణి అన్న విడి విభాగాలు తీసేసి 2022 నుంచి ఒకే విభాగం చేశారు. మొదటి ఏడాది గాయని అడెల్ గెలిచింది, అందరూ మెచ్చుకున్నారు. 2023లో ఆ విభాగానికి ఎంపికైన అయిదుగురూ పురుషులే. ఆ మరుసటి సంవత్సరం జాబితాను పది మందికి పెంచారు, అప్పుడు గాయని రేయ్ గెలిచింది. గోడ తీసేయగానే సమానత్వం దానంతట అది వచ్చి కూర్చోలేదు. అలాగని గోడ మళ్లీ కట్టవలసిన అవసరమూ రాలేదు, జాబితా వెడల్పు చేస్తే సరిపోయింది. సదస్యుడు గారు భయపడుతున్న ‘వంతు’ గుసగుస విజేత విషయంలో పుడుతుంది గానీ జాబితా విషయంలో పుట్టదు. రాగమాలిక గారి ప్రతిపాదన జాబితాకు సంబంధించినదే కాబట్టి ఆ అభ్యంతరం దీనికి వర్తించదని నా అభిప్రాయం.

సదస్యుడు

వర్తిస్తుంది. బ్రిట్ జాబితా బయటికి వస్తుంది గనుకే విమర్శ వచ్చింది, విమర్శ వచ్చింది గనుకే మార్పు వచ్చింది. మన సభల్లో పరిశీలనకు ఏ పేర్లు వెళ్లాయో ఎవరికీ తెలియదు. రహస్య జాబితాలో సగం పేర్లు స్త్రీలవై ఉండాలన్న నిబంధన పెడితే, సగం పేర్లు రాసి పక్కన పెట్టేస్తారు. కాగితం నిబంధన కాగితం మీదే తీరిపోతుంది.

రాగమాలిక

ఇది బలమైన అభ్యంతరం, దీనికి తగినట్టు నా ప్రతిపాదన మార్చుతున్నాను. సగం అన్న లెక్కను లయవాద్యాలకు ఇప్పుడే పట్టుబట్టను. దానికి బదులు రెండు పనులు అడుగుతాను. ఒకటి, పరిశీలనకు వెళ్లిన పేర్లన్నీ ఎంపిక ముగిశాక ప్రకటించాలి. రెండవది పక్కవాద్యాలకు సంబంధించినది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఆకాశవాణి స్వరపరీక్షలో అభ్యర్థి పేరు తెలియకుండా రికార్డింగు విని గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. వింటున్నది స్త్రీ మృదంగమా పురుషుడి మృదంగమా అన్నది తీర్పు చెప్పేవారికి తెలియదు. సభలు తమ యువ కళాకారుల కచేరీలకైనా పక్కవాద్యకారులను ఆ పద్ధతిలో, రికార్డింగు విని, ఎంచుకోవచ్చు. పెద్ద కళాకారుల కచేరీల్లో వారి ఇష్టాన్ని కాదనడం కుదరదు, సరే. యువ కళాకారులు పాడే మధ్యాహ్నం కచేరీల్లో ఎవరు వాయించాలో నిర్ణయించేది సభే కదా.

లయజ్ఞ

దీనికి నేను సమ్మతిస్తాను, ఒక్క సవరణతో. గ్రేడు ఉన్న స్త్రీలు ఇప్పటికే ఉన్నారు. ఆకాశవాణి గ్రేడు ఇచ్చింది, సభ పిలవలేదు. రికార్డింగు విని ఎంచిన తరువాత, ప్రధాన కళాకారుడు ఆమెతో కూర్చోనంటే ఎవరిని మార్చాలో కూడా నిబంధనలో రాయండి. ఇప్పటి ఆనవాయితీలో మారేది ఎప్పుడూ ఘటమే, పాట కాదు.

సదస్యుడు

పేర్లు ప్రకటించడానికి నాకు అభ్యంతరం లేదు, పురుషుల విషయంలోనూ అది మేలే. రికార్డింగు పద్ధతి మధ్యాహ్నం కచేరీలకు ప్రయత్నించవచ్చు. లయజ్ఞ గారి సవరణకు మాత్రం ఒప్పుకోలేను. పొసగని ఇద్దరిని నిబంధనతో ఒకే వేదిక మీద కూర్చోబెడితే దెబ్బ తినేది కచేరీ. మనోధర్మ సంగీతంలో, అంటే వేదిక మీద అప్పటికప్పుడు కల్పించి పాడే సంగీతంలో, పాడేవారికీ వాయించేవారికీ మధ్య నమ్మకం లేకపోతే కల్పన స్వరాలు పది నిమిషాలు కూడా నిలబడవు.

లయజ్ఞ

పొసగకపోవడం వేరు, వినకముందే వద్దనడం వేరు. ఒక్క కచేరీ కలిసి చేసిన తరువాత పొసగలేదంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ మొదటి కచేరీ జరిగేటట్టు నిబంధన రాయమనే అడుగుతున్నాను.