ఇంట్లో పెరిగిన పిల్లి తప్పిపోతే లిట్టర్ ట్రే బయట పెట్టాలా, వద్దా?

గోదారిగట్టు:
ఫ్లాట్‌లోనే పెరిగి గడప దాటని పిల్లి తలుపు సందులోంచి జారిపోతే వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే సలహా ఒకటే. వాడిన లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలు విడిచే ఇసుక పళ్లెం) గేటు దగ్గర పెట్టండి, వాసన పట్టుకుని అదే వచ్చేస్తుంది అని. కొందరైతే కిలోమీటర్ల దూరం నుంచి కూడా పసిగడుతుందని రాస్తున్నారు. ట్రే పెడితే దగ్గర్లో ఉన్న పిల్లి కూడా పారిపోతుందని అంతే గట్టిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. పిల్లి పోయిన ఇంటివాళ్లు ఆ మొదటి రాత్రి దేన్ని నమ్మాలి? తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి. మన అపార్ట్‌మెంట్లకి, మన వీధికుక్కలకి, మన వానలకి సరిపోయేలా చెబితే ఇంకా మేలు.

రాత్రిగస్తీ:
పెట్టొద్దనే నా మాట. ఇంటి పిల్లి బయటపడ్డాక రాకపోవడానికి కారణం చాలాసార్లు దారి తెలియకపోవడం కాదు, భయం. తలుపు దాటగానే కనిపించిన మొదటి చీకటి సందులో దూరి, కదలకుండా, నోరెత్తకుండా కూర్చుంటుంది. మనం పక్కనుంచి పేరు పెట్టి పిలుస్తూ వెళ్లినా పలకదు. అరిస్తే తనెక్కడుందో శత్రువుకి తెలిసిపోతుందని దాని పుట్టుక చెబుతుంది. అలాంటిదానికి ట్రే వాసన ఏం సాయం చేస్తుంది?

ఆ వాసన చదివేది వీధిలోని గండుపిల్లులు. కొత్త పిల్లి మూత్రం, పెంట వాసన తగిలితే వచ్చి చూస్తాయి, అదే చోట తమ మూత్రం చిమ్మి పోతాయి. మీ పిల్లి ఇంటికి రావాల్సిన ఒకే ఒక్క దారిలో మీరే కాపలా పెట్టినట్టు.

2018లో ‘యానిమల్స్’ అనే పరిశోధన పత్రికలో 1,210 తప్పిపోయిన పిల్లుల మీద ఒక సర్వే వచ్చింది. మూడో వంతు పిల్లులు ఏడు రోజుల్లోపే దొరికాయి. ఏడాదికి 61 శాతం. 90 రోజులు దాటాక దొరికినవి బహు కొద్ది. పిల్లులు దొరికిన చోట్లలో నాలుగింట మూడు వంతులు, తప్పించుకున్న చోటికి 500 మీటర్లలోపే. ఎప్పుడూ బయటికి వెళ్లనివి ఇంకా దగ్గర్లోనే దొరికాయి. మనుషులు స్వయంగా తిరిగి వెతకడమే అన్నిటికంటే పనికొచ్చిందని కూడా అందులో తేలింది. ట్రే పెట్టి బాల్కనీలో ఎదురుచూసే ఆ మొదటి మూడు గంటలే నా అసలు బాధ.

పెరటిచెట్టు:
రాత్రిగస్తీ గారూ, వెతకాలన్న దగ్గర మీతో పేచీ లేదు. కానీ సర్వే అంటే యజమానులు తర్వాత గుర్తుచేసుకుని రాసిచ్చిన జవాబులు. దాన్ని పట్టుకుని ట్రే హాని చేస్తుందని తేల్చలేం.

పిల్లికి తన వాసనే తన చిరునామా. గడపకీ సోఫాకీ బుగ్గ రాసేది అందుకే. అపార్ట్‌మెంట్‌లో ప్రతి అంతస్తూ ఒకేలా ఉంటుంది, ప్రతి తలుపూ ఒకేలా ఉంటుంది. మెట్ల మీద బెదిరి రెండంతస్తులు పైకి పోయిన పిల్లికి తన తలుపు ఏదో వాసనే చెప్పాలి. కాబట్టి ట్రే గేటు దగ్గర పెట్టడం తప్పు. మీ ఫ్లాట్ గుమ్మం ముందు పెట్టి, తలుపు బెత్తెడు తీసి ఉంచితే తప్పేముంది? నాలుగో అంతస్తు గుమ్మానికి గండుపిల్లులు బారులు తీరి రావు కదా. మా వైపు పల్లెల్లో, పెరళ్లున్న ఇళ్లలో అయితే ట్రే మాటే రాదు, అక్కడి పిల్లికి ఊరంతా తెలుసు.

మూగజీవి (పశువైద్యం):
ముందు పిల్లి ఏ రకమో చెప్పండి, ట్రే సంగతి తర్వాత.

ఆపరేషన్ కాని మగపిల్లి ఎదకొచ్చిన ఆడపిల్లి కోసం పోతే దానికి ట్రే అక్కర్లేదు, దారి తెలుసు. ఎన్ని వీధులైనా దాటుతుంది. దానికోసం గాలింపు పరిధి పెంచాలి, రాత్రిళ్లు పిల్లుల అరుపులు వినిపించే చోట చూడాలి. ఎదలో ఉన్న ఆడపిల్లి పోతే గండుపిల్లులే దాన్ని చుట్టుముడతాయి. అక్కడ ట్రే పెట్టడం పచ్చి పొరపాటు. దొరికాక మూడు వారాలు దాటాక స్కానింగ్ చేయించండి, చూలు 63 నుంచి 65 రోజులు.

బాల్కనీ నుంచి పడిన పిల్లి వేరే సంగతి. అది తప్పిపోలేదు, దెబ్బ తగిలి దాక్కుంది. బాల్కనీ కింద గోడ వెంట, కుండీల వెనక, కార్ల కింద, డ్రైనేజీ మూతల పక్కన ముందు చూడాలి. పైకి రక్తం కనబడకపోయినా దవడ, అంగిలి, ఊపిరితిత్తులు దెబ్బతిని ఉండొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

బొద్దుగా ఉన్న పిల్లి కొద్ది రోజులు తినకపోయినా కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకి వస్తుంది. మే నెల ఎండలో నీళ్లు లేకపోతే అంతకంటే ముందే. "ఆకలేస్తే అదే వస్తుందిలే" అని ఎవరూ కూర్చోవద్దు.

బస్తీగల్లీ:
ట్రే పెట్టిన రెండోరోజు ఏమైతదో ఎవరూ చెప్తలేరు. ఫస్టు, కుక్కలు దాన్ని బోర్లేసి చిందరవందర చేస్తయి. పిల్లి పెంట తినే కుక్కలు మస్తుగున్నయి. వాన పడితే లిట్టర్ అంతా బురదైతది. ఎండకు కంపు లేచి పక్క ఫ్లాటోళ్లు గొడవకొస్తరు, వాళ్ల సాయం లేకుండ మీరు వెతకలేరు. ఆఖరికి ఊడ్చే ఆమె వచ్చి ట్రే అవతల పారేసి అక్కడ ఫినాయిల్ పోస్తది. నల్ల ఫినాయిల్ పిల్లులకు విషం. అడుగు పెట్టి, పాదం నాక్కుంటే చాలు. ట్రే పెట్టినా పెట్టకున్నా, పిల్లి దొరికేదాక మెట్ల మీద ఫినాయిల్ ఆపమని వాచ్‌మన్‌కు చెప్పుర్రి.

వాసనే కావాలంటే మీరు తొడిగి విడిచిన బనీను, అది పండుకునే బొంత గుమ్మం ముంగట వెయ్యుర్రి. గండుపిల్లికి మీ చెమటతోని పనిలేదు, మీ పిల్లికి ఉంది.

రాత్రిగస్తీ:
బస్తీగల్లీ గారి మాట బంగారం. పెరటిచెట్టు గారు చెప్పిన గుమ్మం ముందు వాసన అనే పని బొంతతో జరిగిపోతుంది. ఇక అపార్ట్‌మెంట్‌లో వెతకడం ఎలాగో వివరంగా రాస్తాను, ట్రే చర్చలో పడి చాలామంది దీన్ని గాలికొదిలేస్తారు.

ముందు ఇల్లు. వాషింగ్ మెషీన్ వెనక, ఫ్రిజ్ కింద, దివాన్ పెట్టె లోపల, అటక మీద, ఫాల్స్ సీలింగ్ తెరిచి ఉన్న మూలలో, బీరువా అరల్లో. సగం గాలింపులు ఇంట్లో చూడకుండానే మొదలవుతాయి. ఆ వెంటనే సీసీ కెమెరా రికార్డు అడగండి. చాలా చోట్ల కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. తలుపు తెరిచిన సమయం నుంచి గేటు, సెల్లార్ ర్యాంప్, లిఫ్ట్ ముందు ఏ కెమెరాలో కనబడినా గాలింపు సగానికి తగ్గుతుంది. గేటు కెమెరాలో లేదంటే బిల్డింగ్‌లోనే ఉందని ఖాయం చేసుకోవద్దు, పిట్టగోడ దూకి ఉండొచ్చు.

తర్వాత పైనుంచి కిందికి. బెదిరిన పిల్లి కిందికే పోతుందన్నది ఒట్టి ఊహ, చాలా పిల్లులు ఎత్తు వెతుక్కుంటాయి. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల కింద, సోలార్ హీటర్ల వెనక, లిఫ్ట్ మెషీన్ గది, సజ్జల మీద, ఏసీ బయటి యూనిట్ల వెనక. బాత్‌రూమ్ పైపులు దిగే డక్ట్‌లోకి ప్రతి అంతస్తు నుంచీ టార్చి వేయండి, అందులో పడ్డ పిల్లి పైకి రాలేదు. కింద జనరేటర్ వెనక, కరెంటు మీటర్ల గది, గ్యాస్ సిలిండర్ల బోను, పాత ఫర్నిచర్ కుప్ప, వాచ్‌మన్ గది మంచం కింద. సంపు మూత తెరిచి ఉంటే లోపల చూసి వెంటనే మూయించండి. పార్కింగ్‌లో కార్లు ఉదయం తీసేముందు బానెట్ మీద గట్టిగా తట్టమని లిఫ్ట్‌లో కాగితం అంటించండి.

ఫ్లాట్లలో "చూశారా?" అని అడిగి వచ్చేయకండి. "చూస్తే చెబుతాం" అన్నవాళ్లు మంచం కింద వంగి చూడరు. మర్యాదగా అడిగి వాళ్ల యుటిలిటీ బాల్కనీ, చెప్పుల స్టాండు, స్టోర్ రూమ్ మీరే చూడండి. తాళం వేసి ఊరెళ్లిన ఫ్లాట్ల జాబితా రాసుకోండి. వాళ్లు తాళం వేసిన గంటా, మీ పిల్లి పోయిన గంటా దగ్గరగా ఉంటే ఫోన్ చేయించి తీరాలి.

అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి నాలుగు దాకా మంచి సమయం. వాహనాల చప్పుడు ఉండదు, కుక్కలు ఒక చోట సద్దుమణుగుతాయి. టార్చి మీ కంటి ఎత్తులో, కణత పక్కన పట్టుకోండి. నడుము దగ్గర పట్టుకుంటే కళ్ల మెరుపు మీకు తిరిగి రాదు. మామూలు పిల్లి కళ్లు ఆకుపచ్చగానో పసుపుగానో మెరుస్తాయి, నీలికళ్ల పిల్లివి ఎర్రగా మెరుస్తాయి. ఫోన్ లైట్ చాలదు. నెమ్మదిగా ఒకసారి పిలిచి, రెండు నిమిషాలు ఊరికే నిలబడి వినండి. గుంపుగా అరుస్తూ తిరిగితే అది ఇంకా లోపలికి దూరుతుంది. కనబడినా వెంటపడొద్దు. పక్కకి తిరిగి కూర్చుని తిండి జరపండి.

పెరటిచెట్టు:
గేటు దగ్గర ట్రే వద్దని నేనూ మొదటే అన్నాను. గుమ్మం ముందు బొంతతో సరిపెట్టుకోవచ్చన్నదీ ఒప్పుకుంటున్నా. కానీ పిల్లిని పట్టడానికి బోను పెట్టేటప్పుడు మాత్రం గుప్పెడు వాడిన లిట్టర్ బోను వెనక చల్లడం వల్ల మేలే అని నా నమ్మకం. పిల్లి బోను దగ్గరికి వచ్చి అనుమానంతో ఆగిపోయినప్పుడు తన వాసన తగిలితే ధైర్యం వస్తుంది.

రాత్రిగస్తీ:
అక్కడే నాకు ఒప్పుదల లేదు. ఆ గుప్పెడు లిట్టర్‌కి గండుపిల్లి వచ్చి బోనులో పడితే ఆ రాత్రి మొత్తం పోయినట్టే. అది లోపల అరుస్తుంటే మీ పిల్లి ఆ వైపు తొంగిచూడదు. బోను మీద మీ పాత చీర కప్పండి, చాలు.

బోను సంగతి వచ్చింది కాబట్టి: తొక్కుడు పలక ఉన్న పెట్టె బోను, పొడవు 75 నుంచి 90 సెంటీమీటర్లు, ఎత్తు, వెడల్పు 25 నుంచి 30. ఎలుకల బోను పనికిరాదు. అడుగున న్యూస్‌పేపర్ పరిస్తే కంబీలు కాలికి తగలవు. ఎర పలక దాటి చిట్టచివర పెట్టాలి, నాలుగు కాళ్లూ లోపలికి రావాలి. వేయించిన నెత్తళ్లు, ఉడికించిన కోడిమాంసం, నూనెలో నిల్వ చేసిన ట్యూనా దేనికైనా వాసన చాలు. మసాలా, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. పెట్టేముందు లీటరు నీళ్ల సీసా పలక మీద వేసి తలుపు సరిగా పడుతుందో లేదో చూసుకోండి. గంటకోసారైనా వెళ్లి చూడాలి. బోనులో పడ్డ పిల్లి మీదకి కుక్కలు వస్తే అది తప్పించుకోలేదు. ఎండ తగిలే చోట పగలు బోను పెట్టనే వద్దు.

వీధిపిల్లులు ఎక్కువ ఉన్న చోట పలకని పనిచేయకుండా కట్టేసి, తలుపు కింద నీళ్ల సీసా నిలబెట్టి, దానికి తాడు కట్టి దూరంగా కూర్చోండి. మీ పిల్లి లోపలికి వెళ్లాక తాడు లాగితే సీసా జారి తలుపు పడుతుంది.

గోదారిగట్టు:
చీమల సంగతి? తిండి పెట్టిన పావుగంటలో గిన్నె నల్లబడిపోతుంది. చీమల సుద్దముక్క గీయమంటున్నారు.

మూగజీవి (పశువైద్యం):
గీయొద్దు. అందులో ఉండేది పైరెథ్రాయిడ్ అనే పురుగుమందు. పిల్లి శరీరం దాన్ని విరగ్గొట్టలేదు, వణుకు, ఫిట్స్ వస్తాయి. తిండిగిన్నెని నీళ్లు పోసిన వెడల్పు పళ్లెంలో పెట్టండి. ఒక్కసారి రెండు చెంచాల తిండి చాలు, ఎక్కువ పెడితే కుక్కలకి, పందికొక్కులకి పిలుపు.

బస్తీగల్లీ:
పోస్టర్ గురించి ఒక మాట. పిల్లికి ఉన్న గుర్తుల్లో ఒకటి దాచిపెట్టుర్రి. పొట్ట మీద మచ్చనో, తోక చివర వంకరనో. "మీ పిల్లి నా దగ్గరుంది, ముందు పైసలు పంపు" అని ఫోన్ చేసేటోణ్ణి ఆ గుర్తు అడగాలె. వీడియో కాల్‌ల చూపించకుండ ఒక్క రూపాయి గూడ పంపొద్దు. బహుమతి ఉందని రాయుర్రి, ఎంతనో రాయొద్దు. హైదరాబాద్‌ల అయితే తెలుగుతోని పాటు ఉర్దూ, హిందీ కూడ ఉండాలె. పాలు వేసేటోళ్లు, పేపర్ బాయ్‌లు, చెత్త ఆటో వాళ్లు పొద్దుగాల అందరికంటే ముందు గల్లీ చూస్తరు, వాళ్ల చేతికి ఫొటో ఇయ్యుర్రి. జంతువులను కాపాడే బ్లూ క్రాస్ సంస్థకు కూడ చెప్పి ఉంచుర్రి, విశాఖల అయితే అట్లాంటిదే వీఎస్పీసీఏకు.

పెరటిచెట్టు:
పిల్లి చర్మం కింద మైక్రోచిప్ వేయించినవాళ్లు ఆ చిప్‌లోని 15 అంకెల నంబరు కూడా దగ్గరి క్లినిక్‌లకి ఇవ్వండి. చిప్ పిల్లి ఎక్కడుందో చూపించదు, స్కానర్ ఆనిస్తేనే నంబరు చెబుతుంది. దాన్ని జీపీఎస్ అనుకుని ధీమాగా ఉండేవాళ్లని చూస్తే గాభరా వేస్తుంది. లిట్టర్ విషయంలో మాత్రం నా మాట నాదే: వీధిలో గండుపిల్లులు లేవని రాత్రి కెమెరాలో చూసుకున్నాక బోను వెనక గుప్పెడు చల్లొచ్చు.

రాత్రిగస్తీ:
కెమెరాలో చూసుకున్నాక అంటే సరే. పాత ఫోన్ ఒకటి ఛార్జింగ్‌లో పెట్టి గుమ్మం వైపు తిప్పితే ఆ కెమెరా కూడా కొనక్కర్లేదు.

మూగజీవి (పశువైద్యం):
దొరికాక చేయాల్సింది. భయంలో సొంత పిల్లి కూడా కరుస్తుంది, మందపాటి తువ్వాలు కప్పి ఎత్తండి. కరిచినా రక్కినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు యాంటీ రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే వెంటనే కలపొద్దు. వాసన మారింది కాబట్టి అది బుసకొడుతుంది, రెండు మూడు రోజులు వేరే గదిలో ఉంచండి. చాలా రోజులు తినని పిల్లి ముందు గిన్నె నిండా పెట్టకండి. తొలిరోజు మామూలు తిండిలో నాలుగో వంతు, అదీ నాలుగు విడతలుగా. పాలు వద్దు, విరేచనాలవుతాయి. చిగుళ్లు, చెవి లోపలి చర్మం పసుపుగా కనబడితే రేపటిదాకా ఆగొద్దు.