పాత కారు కమాన్ పట్టీ ఖాళీ బండికే ఎందుకు విరిగింది?

పాతబండి:
1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ముందొకటి, వెనకొకటి, అడ్డంగా బిగించిన కమాన్ కట్టలు (కుదుపులు తగ్గించడానికి ఒకదానిపై ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు) రెండే ఉండేవి. ఆ తరం కార్ల కట్టలు ఎంతకాలం ఆగుతాయో ఎలా తేలుస్తారు? బరువు పెట్టి చూస్తే చాలదా? నేను బాగుచేస్తున్న పాత కారులో మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికంటే పొడవైనది) సరిగ్గా సెంటర్ బోల్ట్ (పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టేది) రంధ్రం దగ్గర విరిగింది. అదీ ఖాళీగా నడుపుతుంటే!

టెస్టింగ్ షెడ్:
చాలదండీ. బరువు పెడితే ఆ ఒక్క పూట బలమే తెలుస్తుంది. ఒక్కసారి ఎంతో బరువు మోసే ఉక్కు, అంతకంటే తక్కువ బరువుకే లక్షల ఊపుల తర్వాత విరగొచ్చు. జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి, 1870 నాటికే ఈ సంగతి తేల్చాడు. మోడల్ టీలో వనాడియం ఉక్కు వాడింది కూడా ఇలాంటి కుదుపులకు తట్టుకుంటుందనే.

నేను చాలా ఏళ్లు కమాన్ కట్టలే పరీక్షించాను. రెండు కొసలూ కదిలేలా ఆనించి, నడుమను క్రాంక్‌తో కిందికీ పైకీ ఊపుతాం. పక్కన లెక్క చూపే మీటరు తిరుగుతూ ఉంటుంది. మధ్యలో మిషన్ ఆపి, పట్టీకి పల్చటి నూనె రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లేవాళ్లం. బీట ఉంటే అందులో దాగిన నూనె పైకి వచ్చి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత కనిపించేది. అది కనబడిందంటే ఆ పట్టీ పని అయిపోయినట్టే.

మీ పట్టీ విరిగిన ముఖం ఎలా ఉందో చూసి చెప్పండి.

పాతబండి:
చూశానండీ. రంధ్రం అంచున బొటనవేలి గోరంత మేర నున్నగా, తుప్పు రంగులో ఉంది. మిగతాదంతా గరుకుగా మెరుస్తోంది.

టెస్టింగ్ షెడ్:
ఆ గోరంత చోటే పాత బీట. మెరిసేది మాత్రం విరిగిన రోజుది. యూ బోల్టులు (కట్టను నడుమ బండికి బిగించి పట్టేవి) వదులుగా ఉన్నాయేమో చూడండి. అవి వదులైతే వంపు భారమంతా రంధ్రం మీదే పడుతుంది.

ఇరుసు పని:
క్లిప్పులూ చూడండి. గుంట దాటాక కట్ట ఎదురు తన్నినప్పుడు పట్టీలు విడిపోకుండా పట్టేవి అవే. అవి లేకపోతే ఆ దెబ్బంతా మెయిన్ పట్టీ ఒక్కటే తింటుంది. పైగా ఆ కాలం కార్లు చాలావాటికి షాక్ అబ్జార్బర్లు ఉండేవి కావు.

పాతబండి:
ఒక యూ బోల్టు నట్టు చేత్తోనే తిరిగిందండీ! విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించనా?

టెస్టింగ్ షెడ్:
వద్దు. వేడికి టెంపర్ (ఉక్కుకు ఉన్న స్ప్రింగు గుణం) పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కొత్త పట్టీ వేయించండి, రంధ్రం అంచులు నున్నగా రుద్దించండి. కొంతదూరం నడిపాక యూ బోల్టులు మరోసారి బిగించండి.