అప్‌డేట్: పాప కడుపునొప్పికి కారణం దొరికింది

నాలుగో తరగతి చదివే మా పాప కడుపునొప్పి అంటూ వారంలో రెండు మూడు రోజులు బడి మానేస్తోందని మార్చిలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నులిపురుగుల మాత్ర వేశాం, స్కాన్ తీయించాం, ఏమీ లేదు. టీచరు మీద అనుమానపడ్డాను, పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నొప్పి వచ్చిన రోజులు క్యాలెండర్‌లో రాయమని ఒకరు చెప్పారు చూడండి, అదే పనికొచ్చింది. పిల్లల డాక్టరు అది చూసి, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందని అడిగారు. అన్నీ వాళ్ల నాన్నకు డయాలసిస్ (కిడ్నీలు పనిచేయక మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం) ఉన్న రోజులే!

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. వారానికి మూడుసార్లు చీకటితోనే శ్రీకాకుళం బయల్దేరేవాళ్లం. పాప లేచేసరికి మేముండం. మేలో డయాలసిస్‌ను మాకు దగ్గరైన పలాసకు మార్చుకున్నాం. నాలుగు గంటలు మిషన్ మీద ఉన్నా మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తున్నారు. రక్తం పెరగడానికి ఇంజెక్షన్ కూడా మొదలుపెట్టారు, నీరసం తగ్గి సాయంత్రం పాపకు లెక్కలు చెబుతున్నారు.

మిషన్ ఏం చేస్తుందో పాపకు వివరించమన్నారు డాక్టరు. చెప్పాక, "నాన్న మళ్లీ రాడేమో అనుకునేదాన్ని" అంది.

బడి తెరిచాక ఒక్కరోజే మానేసింది. అది నిజం జ్వరమే.