మోటార్‌హోమ్‌లో ఏసీ బాగానే నడుస్తోంది, లైట్లు మాత్రం డిమ్ అయిపోతున్నాయి. ఎక్కడ చూడాలి?

ప్లేనో_ప్రయాణి:
అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో, ప్లేనోలో ఉంటాం. ఈ వేసవిలో సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే బండి) కొన్నాం. ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సీ బండి, 30 ఆంప్స్ ప్లగ్. అమ్మిన డీలరు లోపలి లైట్లకు వాడే బ్యాటరీ కొత్తది వేయించి ఇచ్చాడు.

క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్ పెట్టగానే ఏసీ, మైక్రోవేవ్ చక్కగా పనిచేస్తాయి. రాత్రి అయ్యేసరికి సీలింగ్ లైట్లు గుడ్డిదీపాల్లా అయిపోతాయి, నీళ్ల పంపు గింజుకుంటుంది, ఫ్రిజ్ గ్యాస్ మీద పెట్టినా దాని ప్యానెల్ ఆరిపోతుంది. జనరేటర్ స్విచ్ నొక్కితే తిరగదు. బండి ఇంజిన్ ఆన్ చేస్తే లైట్లు వెంటనే పుంజుకుంటాయి, జనరేటర్ కూడా స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ ఆపేస్తే, జనరేటర్ నడుస్తున్నా సరే, కాసేపటికి మళ్లీ అదే కథ. ఒక షాపులో పైపైన చూసి కన్వర్టర్, బ్యాటరీ రెండూ మార్చాలన్నారు.

ఇంకో విషయం. మొన్న వాన పడ్డాక, ఇంటి ముందు ఎక్స్‌టెన్షన్ కార్డుతో ప్లగ్ పెట్టి ఉంచాం. మా అబ్బాయి చెప్పులు లేకుండా కింద నిలబడి తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమందన్నాడు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

వచ్చే నెల అమ్మానాన్నలతో బిగ్ బెండ్ ఎడారి పార్కుకి వెళ్తున్నాం. దొరికింది కరెంటు లేని సైటు. నాన్నగారికి రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషీన్ తప్పనిసరి. అందుకే టెన్షన్.

మెసా_బాబాయ్:
తమ్ముడూ, లైట్ల సంగతి తర్వాత. ముందు వెళ్లి ఆ ప్లగ్ పీకెయ్. ఎర్త్ ఎక్కడ తెగిందో దొరికి, సరిచేసేదాకా మళ్లీ పెట్టొద్దు, పిల్లల్ని బండి దగ్గరికి పోనివ్వొద్దు.

బండి రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. దాని బాడీకి ఉన్న ఎర్త్ అల్లా ఆ కేబుల్లోని ఎర్త్ వైరే. అది ఎక్కడ తెగినా, వాటర్ హీటర్ ఎలిమెంట్ నుంచో ఇంకోచోట నుంచో లీకయ్యే కరెంటు బాడీ మీదే ఉండిపోతుంది. తడినేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాడి ఒంట్లోంచి కిందికి దిగుతుంది. ఇవాళ జివ్వుమంది. లీకేజీ పెరిగితే ప్రాణం తీస్తుంది, నేను పెంచి చెప్పట్లేదు. నేలలో రాడ్ పాతితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్ పడిపోయేంత కరెంటు మట్టిలోంచి పోదు.

గోడ ప్లగ్గును మూడు లైట్ల టెస్టర్‌తో చూడు. తర్వాత ఎక్స్‌టెన్షన్ కార్డు, ఎడాప్టర్ (30 ఆంప్స్ ప్లగ్‌ని ఇంటి ప్లగ్గుకి కలిపేది) బండి కేబుల్‌కి తగిలించి, గోడకి మాత్రం పెట్టకుండా, గోడ వైపు గుండ్రటి పిన్నుకీ బండి కింద రంగు లేని ఇనుముకీ మధ్య మల్టీమీటర్ పెట్టు. ఒక ఓమ్ కూడా రాకూడదు. ఎక్కువొస్తే కార్డు, ఎడాప్టర్, కేబుల్ విడివిడిగా చూడు, తెగింది ఎక్కడో తెలిసిపోతుంది.

ఇక లైట్లు. నీ బండిలో రెండు కరెంట్లున్నాయి. ఏసీ, మైక్రోవేవ్ 120 వోల్టుల మీద నడుస్తాయి. లైట్లు, పంపు, ఫర్నేస్ (గ్యాస్ హీటర్) ఫ్యాను, గ్యాస్ మీద ఉన్నా సరే ఫ్రిజ్ బోర్డు, ఇవన్నీ 12 వోల్టులవి. 120ని 12 చేసి బ్యాటరీని చార్జ్ చేసేది కన్వర్టర్. ఇంజిన్ నడిచేటప్పుడు ఆ పని ఆల్టర్నేటర్ చేస్తుంది. ఇంజిన్‌తో అన్నీ పుంజుకుంటున్నాయంటే బ్యాటరీ నుంచి లైట్ల దాకా వైరింగ్ బాగానే ఉంది, కన్వర్టర్ నుంచే ఏమీ రావట్లేదు. అలాగని కన్వర్టర్ పోయిందని కాదు. షాపువాళ్లు తొందరపడ్డారు.

ఎర్త్ సరిచేశాక బ్యాటరీ మీద మీటర్ పెట్టి, ప్లగ్ లేకుండా ఒకసారి, ప్లగ్ పెట్టి ఒకసారి చూడు. 13.2 నుంచి 14.4 మధ్యకి ఎక్కాలి. ఎక్కకపోతే కన్వర్టర్‌కి 120 వస్తోందా, దాని బ్రేకర్ పడి ఉందా చూడు. వస్తోంటే కన్వర్టర్ ముఖం మీద కార్ల ఫ్యూజుల్లాంటివి రెండో మూడో ఉంటాయి, అవి చూడు. నా అనుమానం వాటి మీదే.

ఎందుకంటావా? బ్యాటరీ కొత్తగా వేశారన్నావు. ఈ బండ్లలో 12 వోల్టుల వైరింగ్‌కి చాలాచోట్ల నలుపు ప్లస్, తెలుపు మైనస్. కార్లు బాగుచేసేవాళ్లకి నలుపంటే మైనస్. క్షణంపాటు తిరగేసి తగిలించినా ఆ ఫ్యూజులు కాలిపోతాయి. అవి ఉన్నదే అందుకు, తాము కాలి కన్వర్టర్‌ని కాపాడతాయి. చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదియ్యి. కొత్త ఫ్యూజు అదే ఆంప్స్‌ది వెయ్యి, పెద్దది వెయ్యొద్దు.

సియాటిల్_శారద:
సీప్యాప్ గురించి ఒక మాటండీ. మా మామగారిదీ ఇలాగే. మెషీన్‌ని ఇన్వర్టర్ మీద నడపకండి, మధ్యలో కరెంటు వృథా అవుతుంది. ఆ మోడల్‌కి తయారయ్యే డీసీ ఎడాప్టర్ కొని నేరుగా 12 వోల్టుల సాకెట్‌కి పెట్టండి. ఎక్కువ తాగేవి గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్, వేడి ట్యూబు. అవి ఆపితే వాడకం బాగా తగ్గిపోతుంది. ఆపొచ్చో లేదో మాత్రం డాక్టర్ని అడగండి. వెళ్లేముందు మీ డ్రైవ్‌వేలో ప్లగ్ లేకుండా నాన్నగారిని ఒక రాత్రి బండిలోనే పడుకోబెట్టి చూడండి. ఏదైనా తేడా వస్తే ఇల్లు పక్కనే ఉంటుంది.

ప్లేనో_ప్రయాణి:
బాబాయ్, మీరన్నట్టే. డీలరు బండితో ఇచ్చిన ఎడాప్టర్‌లో ఎర్త్ తెగి ఉంది. పారేసి కొత్తది తెచ్చాను, ఇప్పుడు 0.3 ఓమ్. కానీ లీకేజీ ఎక్కడుందో ఇంకా తెలియలేదు.

బ్యాటరీ ప్లగ్ లేకుండా 11.9, పెట్టినా 11.9. కన్వర్టర్‌కి 119 వస్తోంది. ముందున్న రెండు ఫ్యూజులూ కాలిపోయి ఉన్నాయి! మార్చాక బ్యాటరీ మీద 14.2 చూపించింది. ఇన్ని వారాలు ఇలా ఖాళీ అవుతూ వచ్చిన బ్యాటరీని నమ్మొచ్చా?

మెసా_బాబాయ్:
సంతోషం. లీకేజీకి వాటర్ హీటర్, ఫ్రిజ్ ఎలిమెంట్ల వైర్లు ఒక్కొక్కటే విడదీసి ఎర్త్‌కి కొలిపించు. ఇది మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించు, వాయిదా వెయ్యొద్దు.

బ్యాటరీని నిండా చార్జ్ చేసి, అన్నీ ఆపి, మైనస్ ఊడదీసి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున 12.6 దగ్గర ఉంటే ఆశ ఉంది. ఆటోపార్ట్స్ షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల ఉచితంగా లోడ్ టెస్ట్ చేస్తారు. నీళ్లు పోసే రకమైతే చార్జ్ అయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేదాకా ముందే పొయ్యాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. 100 ఆంప్‌అవర్లదైతే నీకున్నవి 50. ఎడారి రాత్రి చలికి ఫర్నేస్ వేస్తారు, దాని ఫ్యానే నడిచినంతసేపూ 7, 8 ఆంప్స్ లాగుతుంది. శారదమ్మ చెప్పిన రాత్రి పరీక్ష ఫర్నేస్ వేసే చెయ్యండి. పొద్దున 12.2 కన్నా కిందికి దిగితే రెండో బ్యాటరీ పెట్టించు, లేదా నాన్నగారికి మందపాటి రగ్గులిచ్చి ఫర్నేస్ తగ్గించు. క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రిపూట జనరేటర్ వెయ్యనివ్వరు.