అనాటమీకి యాప్‌లు వాడి పాసైనవాళ్లు ఎవరైనా ఉన్నారా?
అందరికీ నమస్తే. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్ చదువుతున్నా, మాది పలమనేరు దగ్గర పల్లె, టెన్త్ దాకా తెలుగు మీడియమే.

మా కాలేజీలో ఎముకల పెట్టె ఒక్కటే. దాని చుట్టూ ఇరవై మంది మూగితే మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో ఏది ఏదో తేల్చుకునేలోపే పీరియడ్ అయిపోతుంది. అందుకే ఫోన్‌లో ఒక త్రీడీ యాప్ వేసుకున్నా. భుజాన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ, కండరాలు ఒక్కో పొర తీసేసి చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. తీరా మొన్న ఇంటర్నల్‌లో బ్రేకియల్ ప్లెక్సస్ (సీ5 నుంచి టీ1 దాకా వెన్ను నరాలు కలిసి చేతికి వెళ్లే నరాల వల) గీయమంటే ఒక్క గీత పడలేదు. చేతి నరాల గురించి అడిగితే చెయ్యే ఆడలేదు, నా ఖర్మ.

ఫిజియాలజీ కాస్త నయం. గుండె ఒకసారి కొట్టుకోవడానికి పట్టే 0.8 సెకన్లను యానిమేషన్‌లో నెమ్మదిగా చూశాక బుర్రకెక్కింది. నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టం) మాత్రం ఎన్ని వీడియోలు చూసినా అందులో యూ ఆకారంలో వంగే హెన్లే లూప్ దగ్గరే ఆగిపోతున్నా, అక్కడ ఉప్పు ఎటు పోతుందో నీళ్లు ఎటు పోతాయో ఎవరైనా తెలుగులో చెప్పిన వీడియో ఉంటే లింక్ పెట్టండి ప్లీజ్.

ఇంకోటి, బొమ్మలో పేర్లు మూసేసి గుర్తుపట్టే అంకి (ఫ్లాష్‌కార్డుల యాప్) కార్డులు సీనియర్లవి తీసుకోవచ్చా, మనమే చేసుకుంటేనే గుర్తుంటాయా? 12 కపాల నరాలకు చేసుకోవడానికే నాకు రెండు రాత్రులు పట్టింది. నాది 3 జీబీ ర్యామ్ ఫోన్, హాస్టల్‌లో నెట్ అంతంతమాత్రం, కాబట్టి నెట్ లేకుండా నడిచే ఫ్రీ యాప్ అయితేనే చెప్పండి. వచ్చే నెలలోనే ప్రాక్టికల్స్, టెన్షన్‌గా ఉంది.